మెట్ల మీద చోటు

పట్నం చౌకులో చర్చి నీడ మధ్యాహ్నం దాకా వాలి ఉండే వైపున నా బల్ల ఉంటుంది. ఒక గొడుగు, ఒక కుర్చీ, రాళ్ళ గుళ్ళ ఫొటోలు అంటించిన అట్ట. మా మాయా జాతి ముత్తాతల ముత్తాతలు కట్టి, అడవికి వదిలేసి పోయిన ఆ గుళ్ళను చూడటానికి వచ్చేవాళ్ళకు ఒక రోజు ప్రయాణం కుదిర్చి పంపడం నా పని. వచ్చినవాళ్ళది ఏ దేశమైనా అడిగే మాట ఒకటే. అందరితో కలిసి వ్యానులో పోవడం మంచిదా, విడిగా కారు మాట్లాడుకోవడం మంచిదా?

మెరిదాలో కాలేజీ చదువు చదివినదాన్ని కాబట్టి దీనికి నా దగ్గర చక్కటి జవాబు ఉంది. విడిగా వెళితే తెల్లవారకముందే బయల్దేరొచ్చు, మంచు విడవని గుడి మీకొక్కరికే దొరుకుతుంది, ఎంతసేపు నిలబడ్డా అడిగేవాళ్ళుండరు. అందరితో వెళితే కబుర్లుంటాయి, నవ్వులుంటాయి, దారి పొడుగు తెలియదు. ఇంతవరకు చదువు. ఆ పైన నా సొంత తెలివి. కొత్తగా పెళ్ళయిన జంటను విడిగా పంపుతాను. పెళ్ళయి చాలా ఏళ్ళయిన జంటను అందరితో పంపుతాను. రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోమనడం పాపం. ఏడ్చి వచ్చిన కళ్ళు కనిపిస్తే మాత్రం, వాళ్ళు విడిగా కావాలన్నా సరే, నచ్చజెప్పి వ్యానే ఎక్కిస్తాను.

ఆ రోజు ఇద్దరు జర్మనీవాళ్ళతో మాట్లాడి పంపించి తలెత్తితే, వాళ్ళ వెనక వరుసలో మా అత్తగారు నిలబడి ఉంది. అంచుకు పూలు కుట్టిన తెల్లటి ఇపిల్ గౌను తొడుక్కుంది. పండగలకు మాత్రమే పెట్టెలోంచి తీసే శాలువా కప్పుకుంది. పొద్దున్నే నా చేతిలో మొక్కజొన్న జావ పెట్టి పంపిన మనిషి, ఊళ్ళో బస్సెక్కి నా వెనకే వచ్చిందన్నమాట.

"ఏమైంది అత్తయ్యా? ఇంట్లో అందరూ బాగేనా?"

"ఇంటికేమైంది, నిక్షేపంలా ఉంది. నా వంతొచ్చింది, నాకు చెప్పు. చక్‌తూన్ గుడికి పోవాల. అందరితో పోతే మంచిదా, విడిగా పోతే మంచిదా? ఆ తెల్లోళ్ళకి చెప్పినట్టే చెప్పు, తగ్గించమాక."

"అత్తయ్యా, ఇది ఇంట్లో మాట్లాడుకునే సంగతి."

"ఇంట్లో అడిగితే నీ మొగుడు వద్దంటాడు. నువ్వు గిన్నెలు తోముతా తల దించుకుంటావు. ఇక్కడయితే నేను గిరాకీని. గిరాకీని కాదంటారా ఎవురన్నా?"

పక్కన నారింజలు ఒలిచి అమ్మే ఆమె కిసుక్కున నవ్వింది. నేను లేచి కుర్చీ ఇచ్చాను. ఫిదెన్సియా, అంటే మా అత్తగారు, గిరాకీలకు వేసే స్టూలు మీదే కూర్చుంది, కుర్చీ వైపు చూడను కూడా చూడలేదు.

ఆమె ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా మామగారు గాస్పర్ చక్‌తూన్‌లో రాళ్ళు ఎత్తే ముఠాలో పనిచేశాడు. అడవిలో కూలి పడి ఉన్న పెద్ద గుడిని కొలతలవాళ్ళు చెప్పినట్టు మళ్ళీ పేర్చడం వాళ్ళ పని. దాని మెట్లన్నీ ఆ ముఠా చేతుల మీదుగానే లేచాయి. వయసంతా ఆయన అక్కడే గడిపాడు. అత్తగారు మాత్రం ఆ గుడిని ఒక్కసారి కూడా చూడలేదు. ఇష్టం లేక కాదు, పాత గుళ్ళలో గాలి ఉంటుంది. అది చెడ్డది కాదు, పాతది. చంటిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు సోకితే తట్టుకోలేరు. ఆమె వయసంతా కడుపుతోనో, చంకలో పిల్లతోనో నడిచింది. మామ కూడా పని నుంచి రాగానే గడపలోకి వచ్చేవాడు కాదు. ఒంటి మీది గాలి చల్లారేదాకా పెరట్లో పుల్లనారింజ చెట్టు కింద కూర్చునేవాడు. ఆమె లోపల రొట్టెలు తడుతూ, గోడ కర్రల సందుల్లోంచి ఆయనతో మాట్లాడేది. వాళ్ళ కాపురంలో సగం మాటలు ఆ సందుల్లోంచే నడిచాయని ఊరంతా చెప్పుకునేవాళ్ళు.

ఆయన పోయి రెండు వానాకాలాలు గడిచాయి. ఇటీవల ఆమె తను పడుకునే వల ఊయలలో కునుకు తీస్తే చాలు, కలలోకి వస్తున్నాడు. కలలో ఆమె పొగమంచులో నిలబడి ఉంటుంది. ముందు మెట్లున్నాయని తెలుస్తుంది, కనిపించవు. పైన ఎక్కడో ఆయన గొంతు. రా, నీకు చోటు ఉంచాను అంటాడు. ఆమె కాలెత్తుతుంది. ఎత్తిన కాలికి ఏమీ తగలదు. అంతే, కల ఆగిపోతుంది.

పోయినవాళ్ళు కలలోకి వచ్చి పిలిస్తే, వాళ్ళ వెంట నడిచి వెళ్ళినవాళ్ళు తిరిగి లేవరు. ఇది మా వైపు ఎవరూ ఎవరికీ చెప్పక్కరలేని సంగతి. మా ఆయన విల్బెర్త్ అంటాడు, అమ్మ ఆ మెట్లు ఎప్పుడూ చూడలేదు కాబట్టే కల అక్కడ ఆగుతోంది, చూడని దాన్ని కల కట్టలేదు, ఒక్కసారి కళ్ళతో చూసిందా, ఆ రాత్రే ఎక్కేస్తుంది అని. నాకు కాలేజీ చదువుంది. అయినా ఈ మాట నేనూ నమ్ముతాను.

"పోవాలని అంత పట్టుదల ఎందుకు అత్తయ్యా?"

"ఒక్కడే కూచున్నాడే." ఆమె శాలువా అంచు వేలికి చుట్టుకుంటూ అంది. "ఆ అడవిలో, ఆ మంచులో. గొంతు వింటే తెలవదా? బతికుండగా నలుగురిలో పడి ఉన్న మనిషి. ఒక్కడే అట్టా కూచోని పిలుస్తంటే, నేనేమో ఇక్కడ కోళ్ళకి గింజలేసుకుంటా."

"అయితే అందరితో వెళ్ళండి. వ్యానులో పద్దెనిమిది మంది. గాలి ఉన్నా అందరికీ తలా కాస్త పంచుకుపోతుంది. విడిగా వెళితే మొత్తం మీ ఒక్కరి మీదే పడుతుంది."

"నేను గాలి కోసం పోడంలా. మొగుడి కోసం పోతన్నా. మొగుణ్ణి తలా కాస్త పంచుతారా?"

నారింజలామె ఈసారి పైకే నవ్వింది.

నేను వ్యాను అనడానికి గాలి ఒక సాకు. అసలు సంగతి వేరు. గుడి మెట్లకు ఇప్పుడు అడ్డంగా తాడు కట్టారు, ఎవరూ ఎక్కకూడదు. తాడు దగ్గర కాపలా బాసిలియోది. బాసిలియో మామ ముఠాలోవాడు, ఆయనతో ఒకే గిన్నెలో తిన్నవాడు. పద్దెనిమిది మంది చూస్తుండగా అతను తాడు ఎత్తడు. తెల్లవారుజామున, మనుషులు లేనప్పుడు, గాస్పర్ భార్య ఒక్కతే వచ్చి నిలబడితే ఎత్తకుండా ఉండడు. విడిగా వెళ్ళడం అంటే ఆమెకు మెట్లు దొరకడం. అందరితో వెళ్ళడం అంటే తాడు ఇవతల నిలబడి చూసి రావడం.

ఆమెకూ ఆ సంగతి తెలుసని నాకు తరవాత అర్థమైంది.

"సరేలే. నువ్వు కుదరదంటే అదిగో, ఆ మూల ఇంకో బల్ల ఉంది. ఆ కుర్రాడికి నేనెవురో తెలవదు. నీకేం కలలొస్తన్నాయి ముసలమ్మా అని అడగడు," అని లేచింది.

మా గిరాకీ అవతలి బల్లకు పోవడం నేను చచ్చినా చూడలేను. అది నా బలహీనత, ఆమెకు బాగా తెలుసు.

"కూర్చోండి. విడిగానే. రేపు తెల్లవారకముందు. కారు తోలేది మీ కొడుకే, ఆయనతో మీరే చెప్పుకోండి."

విల్బెర్త్ ఆ సాయంత్రం చాలాసేపు గోడతో మాట్లాడినట్టు మాట్లాడాడు. తిట్టాడు, బతిమాలాడు, నా మీద అరిచాడు. ఆమె వింటూ నల్ల చిక్కుడు గింజలు ఏరుకుంది. చివరికి ఒకటే అంది. "నువ్వు తోలకపోతే నడిచి పోతా. దారి తెలవదు గాబట్టి తప్పిపోతా. ఎట్టా పోయినా ఒకటే గదా నీకు?"

తెల్లవారుజామున బయల్దేరాము. గాలి సోకకుండా ఆమె నా చెవిలో ఒక సదాపాకు రెమ్మ, తన చెవిలో ఒకటి, కొడుకు చెవిలో ఒకటి గుచ్చింది. దారి పొడుగునా మంచు. అడవి మా కోసం జరిగి దారి ఇచ్చి, మేము దాటగానే మళ్ళీ మూసుకుంటున్నట్టు ఉంది. కారు దీపాల ముందు మంచు పాలలా తిరుగుతోంది. ఎవరూ మాట్లాడలేదు. నేను ఇదే దారిలో ఎన్ని వందలమందిని పంపానో, ఆ రోజు మాత్రం దారి కొత్తగా, నిద్రలో నడుస్తున్నట్టు ఉంది. అత్తగారు కిటికీ అద్దానికి నుదురు ఆనించి, చూడటానికి ఏమీ లేని బయటకు చూస్తూ కూర్చుంది.

గేటు దగ్గర విల్బెర్త్ దిగలేదు. "నేను చూడలేను. నువ్వెళ్ళు," అన్నాడు నాతో, స్టీరింగు పట్టుకుని. "పేరు పెట్టి మాత్రం పిలవమాక."

ఆ జాగ్రత్త అతను చెప్పక్కరలేదు. పాత గుళ్ళ దగ్గర మనిషిని పేరు పెట్టి పిలవము. పిలిస్తే గాలి ఆ పేరు పట్టుకుని వెనక వస్తుంది.

బాసిలియో మెట్ల దగ్గర చీపురుతో ఆకులు ఊడుస్తున్నాడు. మంచులోంచి మమ్మల్ని చూసి చీపురు వదిలేశాడు.

"వదినా. ఇన్నాళ్ళకా?"

"నువ్వు రమ్మంటే ఎప్పుడో వచ్చేదాన్నిగా మరిదీ. మీ ముఠా అంతా తోడుదొంగలు. మగోళ్ళ చోటు అని దాచుకున్నారు."

"దాచడానికి ఏముంది. రాళ్ళు."

"ఎక్కడ కూచునేవాడు అన్నం తినేటప్పుడు?"

బాసిలియో మెట్ల పైకి చూపించాడు. పైన ఏమీ లేదు, మంచు. గుడి సగం దాకా ఉంది, ఆ పైన ఆకాశంలో కరిగిపోయింది. నేను అతని వైపు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. అతను నన్ను చూడలేదు. ఆమె మొహమే చూశాడు. వంగి తాడు ఎత్తాడు.

మా గుళ్ళ మెట్లు మనిషి పాదానికి చాలవు, నిటారుగా ఉంటాయి. ఆమె చెప్పులు విప్పి, ఇపిల్ అంచు ఎత్తి పట్టి, పక్కకు తిరిగి, ఒక చెయ్యి రాతి మీద ఆనించి ఎక్కడం మొదలుపెట్టింది. పాదం మోపే ముందు ప్రతి మెట్టునూ అరచేత్తో తడిమింది. మంచు అంచు దాకా వెళ్ళి అక్కడ కూర్చుంది. కూర్చుని పైకి చూసింది.

"ఏమయ్యా," అంది. అంత మెల్లగా అన్నా నాకు వినిపించింది. "వచ్చానయ్యా. చెప్పు."

ఎక్కడో అడవి పావురం కూసింది. ఆకుల మీది తడి చుక్కలు చుక్కలుగా కింద పడుతోంది. ఆమె తల ఒక పక్కకు వంచి, కర్రల గోడ సందుకు చెవి ఆనించినట్టు, చాలాసేపు విన్నది. ఏ జవాబూ రాలేదు. తరవాత లేచి నిలబడింది. పై మెట్టు మీద చెయ్యి పెట్టింది. ఆమె భుజాల దాకా మంచు దిగింది. ఇంకో మెట్టెక్కితే నాకు కనిపించదు. పిలుద్దామంటే పేరు పెట్టకూడదు. అత్తయ్యా అనైనా అనొచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు తోచలేదు.

అప్పుడు వెనకనుంచి నవ్వులు వినిపించాయి.

నా బల్ల నుంచి వెళ్ళే వ్యానే. మామూలుకన్నా ముందే వచ్చేసింది. గుంపులో తప్పిపోకుండా మేము ఇచ్చే నారింజ రంగు టోపీలు మంచులోంచి ఒక్కొక్కటే వెలిగాయి. దీపాలు పట్టుకుని ఎవరో ఊరేగింపుగా వస్తున్నట్టు. బాసిలియో మొహం పాలిపోయింది.

"వదినా, దిగు. ఎవురన్నా ఫొటో తీస్తే నన్ను ఇంటికి పంపిస్తారు."

ఆమె వినలేదు. వ్యాను వాళ్ళను నడిపించే కుర్రాడు మెట్ల మీద మా అత్తగారిని చూసి కళ్ళు పెద్దవి చేశాడు కానీ, తెలివైనవాడు, ఏమీ జరగనట్టే గుంపును వరసగా నిలబెట్టాడు. ఇక్కడ చప్పట్లు కొడితే మెట్లు పిట్టలా పలుకుతాయి, వినండి అన్నాడు. అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు.

మెట్లు పలికాయి. పైనుంచి, మంచులోంచి, పొడుగు తోక పిట్ట గొంతుతో, ముందు సన్నగా, ఆపైన జారుతూ. అందరూ నవ్వారు. మళ్ళీ కొట్టారు. ఆ గొంతు మళ్ళీ పలికింది. ఒక బట్టతలాయన ఒక్కడే కొట్టాడు, ఆయనకూ పలికింది. టోపీ పెట్టుకున్న ఒక సన్నటి పిల్ల రెండు చేతులూ పైకెత్తి కొట్టింది, దానికీ పలికింది.

అత్తగారు వెనక్కి తిరిగింది. మెట్టు మీంచి చెయ్యి తీసేసింది. కిందికి, ఆ టోపీల వైపు చూసింది, పైకి చూసింది, మళ్ళీ కిందికి చూసింది. ఆ తరవాత ఎవరూ పిలవకుండానే, వెనక్కి వెనక్కి, ఒక్కో మెట్టూ దిగి వచ్చేసింది. బాసిలియో తాడు కట్టేశాడు.

"రోజూ ఇంతమంది వస్తారా?" అని అడిగింది అతన్ని.

"ఇది తక్కువ వదినా. ఆదివారాలు కాలు పెట్టే సందుండదు."

"ఒక్కడే కూచున్నాడనుకున్నా." చెప్పులు వెతుక్కుంటూ అంది. "ఊయల్లో పడుకోని ఏడిసినా. ఈయనకి రోజూ తిరనాళ్ళేనంట. ఎప్పుడన్నా చెప్పాడా?"

"అది ఆయన కాదు వదినా, చప్పట్ల శబ్దం మెట్లకి తగిలి..."

"నువ్వూరుకో మరిదీ. నేను పిలిస్తే పలకలా. వాళ్ళు చప్పట్లు కొడితే పలికాడు. బతికుండగా కూడా అంతే, బయటి జనం అంటే చాలు, నోరు ఊరుకోదు. ఇంటికొస్తే గోడ అవతల కూచోని ఊ, ఆ."

కోపమో నవ్వో తెలియని మొహం పెట్టుకుని గేటు దాకా నడిచింది. విల్బెర్త్ కారు దిగి పరుగెత్తుకొచ్చి ఆమె చేతులు పట్టుకుని చూశాడు, జ్వరం ఉందేమోనని నుదురు చూశాడు. ఆమె చెయ్యి విడిపించుకుంది.

"నేను వ్యానులో పోతా. అందరితో."

"అమ్మా, నేనేం చేశాను?"

"నీ కారులో మాట లేదు, పలుకు లేదు. శవాన్ని మోసుకుపోయినట్టు తోలినావు."

గుంపు చూడటం అయ్యేదాకా ఆగి, వాళ్ళతోనే వ్యానెక్కింది. నేనూ ఎక్కాను. విల్బెర్త్ ఖాళీ కారు వేసుకుని వెనక వచ్చాడు. ఆమెకు చోటు దొరికింది ఆ సన్నటి టోపీ పిల్ల పక్కన. ఆ పిల్ల ఏ దేశానిదో, ఒకరి భాష ఒకరికి రాదు. ఇపిల్ మీది పూలు ముట్టుకోవచ్చా అని వేలితో అడిగింది. అత్తగారు అంచు తిప్పి, వెనక వైపు కుట్టు ఎంత శుభ్రంగా ఉందో చూపించింది. ఆ పిల్ల బిస్కెట్ పెట్టింది. ఈమె తిని, బాగాలేదని నాతో మాయా భాషలో చెప్పి, ఆ పిల్లకు మాత్రం బాగుందని తల ఊపింది. వ్యానంతా గోల. ఎవరో పాట మొదలుపెట్టారు. మంచు విడిచి ఎండ వచ్చింది, రోడ్డు మీద పసుపు సీతాకోకచిలుకలు గాలిపటాల ముక్కల్లా ఎగురుతున్నాయి.

అప్పుడు చూశాను. ఆమె తల ఆ పిల్ల భుజం మీద వాలి ఉంది. నిద్రపోయింది.

ఇప్పుడు ఆమెకు మెట్లు తెలుసు. ప్రతి మెట్టునూ అరచేత్తో తడిమి మరీ వచ్చింది. కలకు ఇక తక్కువేమీ లేదు.

నిద్రలో ఉన్నవాళ్ళను కుదిపి లేపకూడదు, బయటకు పోయిన ప్రాణానికి తిరిగి వచ్చే దారి తప్పుతుంది. నేను ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. ఆమె చెప్పులు జారిపోయాయి. వేళ్ళు వ్యాను నేలను నొక్కుతున్నాయి, వదులుతున్నాయి. కుడి పాదం, ఎడమ పాదం. ఎక్కుతోంది. ఊపిరి పొడుగవుతోంది, ఒక్కోసారి మధ్యలో ఆగుతోంది. చుట్టూ పాట సాగుతూనే ఉంది. ఆ పిల్ల మాత్రం ఏదో తెలిసినట్టు భుజం కదపకుండా బొమ్మలా కూర్చుంది, కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది. అడవి వెనక్కి పోతోంది, ఊళ్ళు వెనక్కి పోతున్నాయి, ఎండలో ఆరేసిన ఊయలలు, కోళ్ళు, సున్నం వేసిన గోడలు, అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు మెల్లగా.

పాదాలు ఆగిపోయాయి.

ఆమె మొహం మీద ఎండ వచ్చి పోయింది, మళ్ళీ వచ్చి పోయింది. ఊపిరి ఉందో లేదో చూడటానికి నేను వంగేసరికి కళ్ళు తెరిచి ఉన్నాయి.

"ఏందే, అంత దగ్గరగా పెట్టావు మొహం?"

"అత్తయ్యా." వెనక్కి జరిగాను. "వచ్చాడా?"

"ఆఁ." లేచి కూర్చుని, జారిన ముడి సరిచేసుకుంది. "పై దాకా పోయినా. అంతా జనం. ఈ టోపీలోళ్ళే. ఆయనేమో జరగండి జరగండి అని అందరికీ చోటు చూపిస్తా తిరుగుతన్నాడు, నన్ను చూసి కూడా నిలబళ్ళా. నాకుంచిన చోటేదయ్యా అంటే తల గోక్కున్నాడు. ఇదిగో, ఈ పిల్ల కూచోని ఉంది అందులో. కాళ్ళు చాపుకోని."

"మరి?"

"మరేముంది. ఆయన ఆ పిల్లని లేవమనలేడు. మొహమాటం మనిషి. నేనా లేపేది? కాసేపు నిలబడ్డా. కాళ్ళు లాగినాయి. తరవాత వస్తాలే అని దిగొచ్చినా." బయటకు తొంగి చూసింది. "ఆపమను. అక్కడ మొక్కజొన్న కండెలు కాలుస్తన్నారు. ఆకలేస్తంది నాకు."

వ్యాను ఆపించాను. వెనక కారు కూడా ఆగింది. విల్బెర్త్ దిగి, తల్లి తన కాళ్ళతో తాను నడిచి పొయ్యి దగ్గరికి వెళ్ళడం చూసి, కారుకు ఆనుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె అన్ని కండెలూ తిప్పి తిప్పి చూసి, కాల్చే ఆమెకు నిప్పు ఎలా వేసుకోవాలో చెప్పి, రెండు ఏరుకుంది. నిమ్మకాయ, కారం తనే రుద్దింది. ఒకటి తను కొరుక్కుంటూ వచ్చి, రెండోది కిటికీలోంచి ఆ టోపీ పిల్ల చేతిలో పెట్టింది.

"తిను," అంది మా భాషలో. "కూచున్నావుగా, ఇంక అక్కణ్ణించి లేవమాక."

ఆ పిల్లకు ఒక్క మాట అర్థం కాలేదు. సరేనని తల ఊపి, కారానికి కళ్ళు తుడుచుకుంటూ తినడం మొదలుపెట్టింది.